మేక కార్జం నుంచి మాస్ స్పెక్ట్రం దాకా: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

పోయిన వేసవిలో మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దావిడ జ్వరంతో మంచం పట్టారు. చూడటానికి వెళ్తే, మంచం పక్కన స్టూలు మీద మూడు రకాల మాత్రలు కనిపించాయి. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి, ఒళ్లునొప్పులకు ఒకటి. మూడు స్ట్రిప్పులూ మూడు రంగుల్లో ఉన్నాయి. వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదివితే మూడింటిలోనూ పారాసెటమాల్ ఉంది. ఆవిడ మూడూ పూటకొకటి చొప్పున వేసుకుంటున్నారు. అన్నీ కలిపి లెక్క వేస్తే పెద్దలకు రోజుకు గరిష్ఠమని చెప్పే 4 గ్రాములకు దగ్గరగా వచ్చింది. ఆవిడ మనిషి చూస్తే నలభై కిలోలు కూడా ఉండరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఫార్మసీ కాలేజీలో మందుల రసాయన శాస్త్రం బోధిస్తాను. ఏ మందు కాలేయాన్ని ఎందుకు దెబ్బతీస్తుందో బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతాను. ఒక్కసారైనా దాన్ని విద్యార్థుల కళ్లకు చూపించానా? చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఈ విషయమే తీసుకోవాలని అప్పుడే అనుకున్నాను. సగం పని కంప్యూటర్‌తో: అణువు నిర్మాణం చూసి ఏ మందు కాలేయానికి ప్రమాదమో ముందే అంచనా వేయడం. మిగతా సగం అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో: ఆ హాని మొదలయ్యే చోట ఏ పదార్థం పుడుతుందో పట్టుకోవడం.

నాతో ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. అమ్మాయిది ఒడిశాలోని మా పర్లాకిమిడే, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. అబ్బాయి గుమ్మా వైపు కొండల్లోని సవర కుటుంబం నుంచి వచ్చాడు, మూడు భాషలూ వచ్చు. రికార్డు ఇంగ్లీషులోనే రాయాలి, అది కాలేజీ నియమం. కానీ ఏ రోజు ఏం జరిగిందో రాసుకునే డైరీ తెలుగులో ఉండాలని నేనే పట్టుబట్టాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. మనం మాట్లాడుకునే మాటల్లో రాసుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో త్వరగా కనబడుతుంది.

రెండు, మూడు వారాలు: కంప్యూటర్ పని

అమెరికా ఆహార, ఔషధ సంస్థ వారు తయారుచేసిన డిలీర్యాంక్ అనే పట్టిక అందరికీ ఉచితం. అందులో 1,036 మందులను కాలేయ హానిని బట్టి విడదీశారు. ఎక్కువ ఆందోళన కలిగించేవి 192, తక్కువవి 278, ఆందోళన లేనివి 312, తేల్చి చెప్పలేనివి 254. ‘తక్కువ’, ‘తేల్చి చెప్పలేనివి’ అన్న రెండు గుంపులనూ పక్కన పెట్టి, ‘ఎక్కువ’, ‘లేదు’ అన్నవాటితో మొదలుపెట్టాం. నలుపు తెలుపు తెలిశాక బూడిద రంగు చూసుకోవచ్చు.

అణువు నిర్మాణాన్ని ఒక్క వరుస అక్షరాలుగా రాసే పద్ధతి స్మైల్స్. ఆ వరుసను ఆర్‌డీకిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, ప్రతి పరమాణువు నుంచి రెండు బంధాల దూరం వరకు ఏమేమి ఉన్నాయో చూసి 2,048 గళ్ల ఒక వేలిముద్ర తయారుచేస్తుంది. గడి నిండితే 1, లేకపోతే 0. ఆ వేలిముద్రలతో, ఎన్నో చిన్న నిర్ణయాల ఓట్లు కలిపి తీర్పు చెప్పే రాండమ్ ఫారెస్ట్ మోడల్‌కు శిక్షణ ఇచ్చాం. కాలేజీలో ఉన్న మామూలు కంప్యూటర్ మీదే ఐదు నిమిషాల్లో అయిపోయింది.

మొదటి ఫలితం చూసి పిల్లలిద్దరూ ఎగిరి గంతేశారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంత సులువుగా అంత మంచి ఫలితం రాకూడదు. పరీక్షకు పక్కన పెట్టిన మందుల జాబితా తెరిచి ఒక్కొక్కటీ చదువుతూ కూర్చున్నాం. అరగంటలో దొరికింది. వేరే పట్టికల నుంచి మేం అదనంగా చేర్చుకున్న వరుసల్లో ఒకే మందు రెండు లవణాల రూపంలో ఉంది. ఒకటి శిక్షణలో, ఒకటి పరీక్షలో. ముందురోజు ప్రశ్నపత్రం చూపించి మర్నాడు పరీక్ష పెట్టినట్టయింది.

లవణాలు తీసేసి, అసలు అణువును మాత్రమే ఉంచాం. ఆ తర్వాత ఇంకో మెట్టు ఎక్కాం. ఒకే అస్థిపంజరం ఉన్న మందులన్నీ ఒకే వైపు ఉండేలా విడదీశాం. దాన్ని స్కాఫోల్డ్ విభజన అంటారు. మోడల్ ఎప్పుడూ చూడని కుటుంబం మీద ఎలా పనిచేస్తుందో అప్పుడే తెలుస్తుంది. మార్కులు గబుక్కున పడిపోయాయి. అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ పడిపోయిన మార్కులే ముద్దుగా కనిపించాయి, ఎందుకంటే అవి నిజమైనవి.

నాలుగో వారం

మోతాదు సంగతి.

ట్రోగ్లిటజోన్, పియోగ్లిటజోన్ రెండూ మధుమేహం మందులు. రెండింటిలోనూ థయాజోలిడిన్‌డయోన్ అనే ఒకే ఉంగరం ఉంది. మొదటిదాన్ని కాలేయం పాడైన కేసుల వల్ల 2000లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. రెండోది ఇప్పటికీ మన మందుల షాపుల్లో దొరుకుతోంది. మా మోడల్ రెండింటినీ దాదాపు ఒకేలా చూసింది. కారణం వెతుకుతూ పోతే అన్నిటికన్నా పెద్ద తేడా వేలిముద్రలో లేదు, మాత్ర బరువులో ఉంది. ట్రోగ్లిటజోన్ రోజుకు వందల మిల్లీగ్రాములు వేసుకునేవారు. పియోగ్లిటజోన్ 15 నుంచి 45 మాత్రమే.

దీని మీద 2013లో వచ్చిన ఒక సూత్రం ఉంది. రోజు మోతాదు 100 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి, కొవ్వులో కరిగే గుణాన్ని చెప్పే లాగ్‌పీ 3 లేదా అంతకు మించి ఉంటే కాలేయానికి ప్రమాదం ఎక్కువని. ‘రెండు నియమం’ అని పిలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా మందులకు ఒక ప్రామాణిక రోజు మోతాదు నిర్ణయించింది: పారాసెటమాల్‌కు 3 గ్రాములు, పియోగ్లిటజోన్‌కు 30 మిల్లీగ్రాములు. ఆ నిలువు వరుసను మా పట్టికలో చేర్చగానే ఈ జంట విడిపోయింది.

వెంటనే సవర కుర్రాడు ఇంకో జంట తెచ్చాడు. పార్కిన్సన్ జబ్బు మందులు టోల్కాపోన్, ఎంటకాపోన్. రెండూ నైట్రోక్యాటెకాల్ అనే ఒకే రసాయన కుటుంబానివే. టోల్కాపోన్ రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాములు, ఎంటకాపోన్ ఒక్కోసారి 200 చొప్పున రోజుకు ఎనిమిదిసార్ల దాకా ఇస్తారు. మోతాదే కారణమైతే ఎంటకాపోన్ కాలేయాన్ని దెబ్బతీయాలి. కానీ ఐరోపాలో 1998లో నిలిపివేసింది టోల్కాపోన్‌ను. తర్వాత కట్టుదిట్టమైన షరతులతో తిరిగి వచ్చింది. “మేడమ్, మరి దీనికేమంటారు?” అన్నాడు. ఆ ప్రశ్నను గోడ మీద కాగితంపై రాసి అంటించాం. ఇంకా అక్కడే ఉంది.

ఐదో వారం: కార్జం

కంప్యూటర్ ‘ప్రమాదం’ అంటుంది. ఆ ప్రమాదం ఎక్కడ పుడుతుంది? పారాసెటమాల్ నేరుగా విషం కాదు. కాలేయంలో చాలా భాగం గ్లూకురోనైడ్‌గా, సల్ఫేట్‌గా మారి మూత్రంలో పోతుంది. చిన్న వాటాను సీవైపీ2ఈ1 వంటి ఎంజైములు నాప్‌క్వీ అనే చురుకైన పదార్థంగా మారుస్తాయి. దాన్ని గ్లూటాథయోన్ అనే చిన్న అణువు పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. జంతువులపై 1973లో వెలువడిన ప్రయోగాల్లో, గ్లూటాథయోన్ నిల్వ సుమారు 70 శాతం తరిగాకే నాప్‌క్వీ కాలేయ ప్రోటీన్లకు అతుక్కోవడం మొదలైంది. మోతాదు మించినవారికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇవ్వడం ఆ నిల్వను తిరిగి నింపడానికే.

పరీక్షనాళికలో ఇది జరిపించాలంటే కాలేయం కావాలి. మానవ కాలేయ మైక్రోసోములు, అంటే మందులను మార్చే ఎంజైములున్న కణ పొరల ముక్కలు కొనడానికి, ఇక్కడిదాకా మైనస్ 80 డిగ్రీల్లో తెప్పించడానికి మా దగ్గర డబ్బు లేదు, ఆ ఫ్రీజరూ లేదు. ఆదివారం పొద్దున్నే ఐస్ పెట్టె పట్టుకుని మాంసం కొట్టుకు వెళ్లాం. “కార్జం ఎంత కావాలమ్మా?” అన్నాడు కొట్టతను. కోసిన వెంటనే తీసినది కావాలని, నీళ్లతో కడగవద్దని, నేరుగా ఐసులోకి వేయమని చెప్పాను. ఎందుకని అడిగాడు. మందులు కాలేయంలో ఏమవుతాయో చూడటానికన్నాను. చేతిలో కత్తి ఆపి పూర్తిగా విన్నాడు. తర్వాత డబ్బు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చి వచ్చాం.

ల్యాబులో చల్లని పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో రక్తం పోయేదాకా కడిగి, కత్తెరతో చిన్న ముక్కలు చేసి, నాలుగు రెట్లు ఫాస్ఫేట్ బఫర్‌తో నూరాం. మొత్తం ఐస్ మీదే. ఆ గుజ్జును 9,000 ‘జీ’ బలంతో, అంటే భూమి ఆకర్షణకు 9,000 రెట్ల బలంతో, ఇరవై నిమిషాలు తిప్పితే కణశకలాలు, మైటోకాండ్రియాలు అడుగున చేరతాయి. పైన తేలిన ఎర్రటి ద్రవంలో మనకు కావలసిన ఎంజైములు ఉంటాయి. దీన్ని ఎస్9 అంటారు.

ఇక్కడే పొరపాటు జరిగింది. పద్ధతిలో 9,000 ‘జీ’ అని ఉంది. పిల్లలు యంత్రం మీద నిమిషానికి 9,000 చుట్లు పెట్టేశారు. మా సెంట్రిఫ్యూజ్ రోటర్ వ్యాసార్ధం 8 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం 9,000 చుట్లకు వచ్చేది దాదాపు 7,200 ‘జీ’ మాత్రమే. 9,000 ‘జీ’ రావాలంటే నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరగాలి. నాలుగు గొట్టాలు అయ్యాక అమ్మాయే గమనించి చెప్పింది. ఆ నాలుగింటి మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, డీప్ ఫ్రీజర్లో ఒక మూలకు తోశాం. మిగతా వాటిని సరిగా తిప్పాం.

ఆరో వారం

ఎస్9కు పారాసెటమాల్, గ్లూటాథయోన్ కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. ఎంజైములు పనిచేయాలంటే వాటికి ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు కావాలి. అది ఖరీదు. అందుకని నాళికలోనే పుట్టించుకున్నాం. ఎన్ఏడీపీ, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, దాన్ని మార్చే జీ6పీడీ ఎంజైము, కాస్త మెగ్నీషియం క్లోరైడ్. ఈ జీ6పీడీ పేరు గుర్తుంచుకోమని ఆ రోజే పిల్లలకు చెప్పి ఉండాల్సింది. అప్పుడు నాకూ తట్టలేదు.

నాలుగు నాళికలు పెట్టాం. అన్నీ ఉన్నది ఒకటి, ఎన్ఏడీపీ లేనిది ఒకటి, గ్లూటాథయోన్ కలపనిది ఒకటి, ముందుగా మరిగించి ఎంజైములు చంపేసిన ఎస్9తో ఒకటి. పావుగంట గడిచేసరికి వాన మొదలై కరెంటు పోయింది. నీటితొట్టి చల్లబడుతోంది. అమ్మాయి పరుగెత్తుకెళ్లి స్టాఫ్ రూములోని టీ ఫ్లాస్కు ఖాళీ చేసి తెచ్చింది. కిరోసిన్ స్టవ్ మీద కాచిన నీళ్లు, చన్నీళ్లు కలుపుతూ థర్మామీటర్ 37 చూపించేదాకా సరిచేసి, నాళికలు దారంతో వేలాడదీశాం. గంట తర్వాత చూస్తే ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు. ఇప్పుడు కరెంటు ఉన్నా ఫ్లాస్కునే వాడుతున్నాం.

గంట కాగానే ఐస్‌లో ఉంచిన ఎసిటోనైట్రైల్ అంతే పరిమాణంలో పోసి చర్య ఆపాం. ప్రోటీన్లు తెల్లగా విరిగి కిందికి దిగాయి.

ఏడో వారం: విశాఖ, మొదటిసారి

మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. అక్కడి నుంచి శ్రీకాకుళం, ఆపైన విశాఖ. ఒళ్లో థర్మకోల్ పెట్టె. అక్కడి ఒక పరిశోధనాలయంలో డబ్బు కట్టి క్యూటాఫ్ యంత్రం మీద సమయం తీసుకున్నాం. ద్రవంలోని పదార్థాలను స్తంభంలో విడగొట్టి, ఒక్కొక్కదాని ద్రవ్యరాశిని నాలుగో దశాంశం దాకా కొలిచే యంత్రం అది.

మేం వెతికేది ఒకే అంకె. పారాసెటమాల్ ద్రవ్యరాశి 151.0633. దానికి గ్లూటాథయోన్ 307.0838 కలిపి, పోయే రెండు హైడ్రోజన్లు తీసేసి, ఆవేశం కోసం ఒక ప్రోటాన్ చేర్చితే 457.1388. యంత్రం గీసే గీతలో ఆ చోట శిఖరం లేచిందంటే నాప్‌క్వీ పుట్టిందని, గ్లూటాథయోన్ దాన్ని పట్టుకుందని అర్థం.

457 దగ్గర దాదాపు ఏమీ లేదు. 391.284 దగ్గర మాత్రం పెద్ద శిఖరం. అబ్బాయి ఉద్వేగంతో, “మేడమ్, మోడల్ చెప్పనిదేదో పుట్టింది!” అన్నాడు. నాకూ గుండె వేగం పెరిగింది. ఖాళీ నాళిక, అంటే మందు ఏమీ కలపని ద్రావణం నడిపించి చూడమన్నాను. అందులోనూ అదే శిఖరం, అంతే ఎత్తు. అది ప్లాస్టిక్‌ను మెత్తబరిచే డైఇథైల్‌హెక్సైల్ థాలేట్. మేం చవగ్గా కొన్న గొట్టాల నుంచి దిగిందది.

457 ఎందుకు కనిపించలేదో అక్కడి టెక్నీషియన్ ఒక్క చూపులో చెప్పారు. నమూనాలో సగం ఎసిటోనైట్రైల్ ఉంది. పారాసెటమాల్, దాని గ్లూటాథయోన్ జంట రెండూ నీటిని ఇష్టపడేవి. అంత బలమైన ద్రావకంతో స్తంభంలోకి పంపితే అవి నిలబడకుండా ముందే చెదిరి బయటికి వచ్చేస్తాయి. అవి వచ్చే సమయానికే బఫర్‌లోని ఉప్పు కూడా వస్తుంది, సంకేతాన్ని నొక్కేస్తుంది. పుస్తకాల్లో చదివిన విషయమే. చేతిలో పెట్టె పట్టుకుని అంత దూరం వచ్చాక విన్నప్పుడు మాత్రం మరి మరచిపోనంత బలంగా మనసులో నాటుకుంది.

తొమ్మిదో వారం: విశాఖ, రెండోసారి

ఈసారి గాజు సీసాలు. నత్రజని వాయువు ఊది ఎసిటోనైట్రైల్ ఎగరగొట్టి, ఫార్మిక్ ఆమ్లం చుక్క కలిపిన నీళ్లలో తిరిగి కరిగించాం. మొదటి రెండు నిమిషాలు స్తంభం నుంచి వచ్చిందంతా యంత్రంలోకి పోకుండా పక్కకు మళ్లించాం.

457.1379 వచ్చింది. లెక్కకు, కొలతకు తేడా 2 పీపీఎం, అంటే పది లక్షల్లో రెండు వంతులు.

ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోలేదు. దాన్ని విరగ్గొట్టి చూశాం. గ్లూటాథయోన్ జంటలు విరిగినప్పుడు సాధారణంగా 129.0426 బరువున్న ముక్క ఊడిపోతుంది. ఇక్కడా ఊడి 328.096 మిగిలింది. 182 దగ్గర, 140 దగ్గర గంధకం అతుక్కున్న పారాసెటమాల్ ముక్కలు కనిపించాయి. అదే 129 ఊడే పెద్ద శిఖరం 613 దగ్గర ఇంకోటి ఉంది, అది రెండు గ్లూటాథయోన్‌లు ఒకదానికొకటి అతుక్కున్నది. మందుకు దానితో సంబంధం లేదు. 129ని మాత్రమే చూసి ఉంటే దాన్నీ లెక్కలో వేసేవాళ్లం.

మరిగించిన ఎస్9 నాళికలో 457 లేదు. ఎన్ఏడీపీ లేనిదాంట్లోనూ లేదు. గ్లూటాథయోన్ కలపని నాళికలో మాత్రం చిన్నగా, చెవి ఒగ్గితే వినిపించే గుసగుసలా ఒక శిఖరం ఉంది. అమ్మాయి తప్పు జరిగిందని కంగారుపడింది. నేను ఆ తెర మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఆ కార్జంలో మేకకు సహజంగా ఉన్న గ్లూటాథయోన్ ఇంకా కొంచెం మిగిలి ఉంది. మేం ఏమీ ఇవ్వకపోయినా అది తన పని తాను చేసింది.

ఒక జాగ్రత్త రాసి పెట్టుకుంటున్నాను. మా నాళికలో గ్లూకురోనైడ్, సల్ఫేట్ దారులకు కావలసిన సరుకు మేం కలపలేదు. అంటే సురక్షితమైన రెండు తలుపులూ మూసి, ఒక్క ప్రమాదపు తలుపే తెరిచాం. ఈ శిఖరం ఎత్తు చూసి మనిషిలో ఎంత నాప్‌క్వీ పుడుతుందో చెప్పకూడదు. పుడుతుందని మాత్రమే చెప్పాలి.

పదో వారం

అబ్బాయి వాళ్లమ్మ ఊళ్లో ఆశా కార్యకర్త. ఏదో పని మీద పర్లాకిమిడి వచ్చి కొడుకును చూడటానికి ల్యాబుకు వచ్చారు. మా శిఖరాల కాగితాలన్నీ చూపించాం. ఆవిడ ఓపికగా విని, సవర భాషలో కొడుకును ఏదో అడిగారు. వాడు నా వైపు తిరిగి, “మేడమ్, మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ ఎవరికి పడదో ఈ కంప్యూటర్ ముందే చెబుతుందా అని అమ్మ అడుగుతోంది” అన్నాడు.

ఈ కొండ గ్రామాల్లో మలేరియా మీద పోరాటం ఎంత పెద్దదో ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం ‘దమన్’ కార్యక్రమం కింద దారి లేని ఊళ్లలో శిబిరాలు పెట్టి, జ్వరం ఉన్నా లేకున్నా రక్తపరీక్ష చేస్తోంది. వైవాక్స్ రకం మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి పంపాలని ఆవిడకు శిక్షణలో చెప్పారు. ఎందుకు నల్లబడుతుందో చెప్పలేదట.

ఎందుకో చెప్పడానికి నేను ఐస్ పెట్టెలోని చిన్న సీసా తీసి చూపించాను. జీ6పీడీ. మేం నాళికలో ఎన్ఏడీపీహెచ్ పుట్టించడానికి వేసిన ఎంజైమే. ఎర్రరక్తకణాల్లోనూ అదే పని చేస్తుంది. అక్కడ పుట్టిన ఎన్ఏడీపీహెచ్ వల్లే గ్లూటాథయోన్ మళ్లీ మళ్లీ పనికి సిద్ధమవుతుంది. ప్రైమాక్విన్ నుంచి పుట్టే హైడ్రాక్సీ రూపాలు ఆ కణాలను లోపలి నుంచి కాల్చడం మొదలుపెడతాయి. ఎంజైము తక్కువ ఉన్నవారిలో గ్లూటాథయోన్ తిరిగి సిద్ధం కాలేక కణాలు పగిలి, రంగు మూత్రంలోకి దిగుతుంది. ఆ లోపం సంగతి లోకానికి తెలిసింది కూడా ప్రైమాక్విన్ వల్లే, 1956లో. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది. మలేరియా తరతరాలుగా ఉన్న చోట్లే ఈ లోపమూ ఎక్కువ.

మా మోడల్‌కు ప్రైమాక్విన్ అణువు తెలుసు. దాన్ని మింగే పిల్లవాడి రక్తం తెలియదు. ఆవిడకు అదే చెప్పాను: ఈ కంప్యూటర్ చెప్పలేదమ్మా, వేలి చివర ఒక్క రక్తపు చుక్కతో చేసే జీ6పీడీ పరీక్ష చెబుతుంది, ఆ పరీక్ష మీ ఊరికి రావాలని అడగండి. ఆవిడ తల ఊపి, కొడుకు చేత ఆ పేరు ఒడియాలో రాయించుకుని, చీర కొంగున ముడి వేసుకున్నారు.

పదకొండో వారం

టోల్కాపోన్ కాగితం పక్కన ప్రైమాక్విన్ కాగితం అంటించాం.

దాని హైడ్రాక్సీ రూపం 276.1706 దగ్గర రావాలి, కానీ గాలి తగిలితే నిలవదు, కష్టం. శరీరంలో ఎక్కువగా పుట్టేది, హాని అంతగా లేనిది కార్బాక్సీప్రైమాక్విన్, 275.1390. దాన్ని పుట్టించే దారి మోనోఅమైన్ ఆక్సిడేజ్‌తో మొదలవుతుంది. ఆ ఎంజైము ఉండేది మైటోకాండ్రియా పొర మీద. మేం జాగ్రత్తగా తిప్పి అడుగున వదిలేసేది ఆ మైటోకాండ్రియాలనే. అంటే మా మంచి ఎస్9లో ప్రైమాక్విన్‌కు ఉన్న సురక్షితమైన దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. పారాసెటమాల్ విషయంలో చేసిన పనే మళ్లీ చేసినట్టవుతుంది.

ఈ మాట బోర్డు మీద రాస్తుండగా అమ్మాయి లేచి డీప్ ఫ్రీజర్ తెరిచింది. మూలకు తోసిన నాలుగు గొట్టాలు అక్కడే ఉన్నాయి, ఎర్ర సిరా గుర్తు చెదరలేదు. తక్కువ వేగంతో తిప్పినవి. మైటోకాండ్రియాలు కొన్ని ఇంకా వాటిలో తేలుతూ ఉండవచ్చు. రెండు మంచివి, రెండు ఎర్ర గుర్తువి పక్కపక్కన పెట్టి సోమవారం ప్రైమాక్విన్ కలుపుతున్నాం. ఫ్లాస్కు కడిగి ఆరబెట్టాం.